కంప్యూటరు రిజిస్ట్రీ: దిద్దుటకు ముందు నకలు

ప్రతి పాఠశాలయందును, ప్రధానోపాధ్యాయుల గదిలో, తాళము వేయబడిన బీరువాలో ఒక పెద్ద పుస్తకముండును. దానిని అడ్మిషను రిజిష్టరు అందురు. బాలుని పేరు, తండ్రి పేరు, పుట్టిన తేది, చేరిన తేది అందు వ్రాయబడును. ఆ పుస్తకములో ఒక్క అంకె తప్పుపడెనా, ఆ తప్పు బాలుని వెంబడించి పదియవ తరగతి ధ్రువపత్రములోనికిని, అచ్చటనుండి ఉద్యోగపు కాగితములలోనికిని పోవును. అందుచేతనే దానిని దిద్దుటకొక పద్ధతి యేర్పడియున్నది. తప్పుపడిన మాటను రబ్బరుతో చెఱపరాదు, బ్లేడుతో గీకరాదు, దానిమీదనే మఱియొక మాటను వ్రాయరాదు. పాత మాట కనబడునట్లుగా దానిపై ఒక్క గీత గీసి, ప్రక్కన క్రొత్త మాట వ్రాసి, తేది వేసి, ప్రధానోపాధ్యాయులు పొడి సంతకము చేయవలెను. దిద్దిన తప్పుకూడ చూడవచ్చినవానికి కనబడవలెననుట ఈ పద్ధతియొక్క సారము.

మన కంప్యూటరు గదిలోని ప్రతి యంత్రమునందును ఇట్టి రిజిష్టరే యొకటి కలదు. దాని పేరు రిజిస్ట్రీ. దానిని తెఱచుట యెట్లో మన బాలురలో కొందఱు ఎఱుగుదురు. దిద్దుట యెట్లో మాత్రము మనము వారికి నేర్పలేదు. ఆ లోపము ఈ సంవత్సరము ఒక కష్టముగా బయటపడినది.

జరిగినదేమనగా, పదియవ తరగతి బాలుడొకడు, యంత్రము వేగముగా నడచుటకు ఉపాయమని యెవరో చెప్పిన వీడియోను చూచి, మధ్యాహ్న విరామమున రిజిస్ట్రీని తెఱచెను. అందు సర్వీసెస్ అను నొక భాగముక్రింద వందలకొలది పేర్లుండును. తనకు తెలియని పేరు పనికిమాలినదని తలంచి, వానిలో నొకదానిని తీసివేసెను. అది కీబోర్డును నడిపించు భాగముయొక్క పేరు. ఆ దినమున ఏమియు జరుగలేదు. మఱునాటి యుదయమున యంత్రము లేచినది గాని, కీబోర్డుమీద నొక్క మీటయు పనిచేయలేదు. రహస్యపదము నడుగుచు తెఱ అట్లే నిలిచియుండెను. ఎవరును విచారింపకమునుపే ఆ బాలుడు నాయొద్దకు వచ్చి, తాను చేసిన పని యావత్తును చెప్పెను.

తలిదండ్రుల సభలో ఈ మాట వచ్చినది. ఆ బాలుని సంవత్సరాంతమువఱకు కంప్యూటరు గదిలోనికి రానీయరాదని యొకరు, ఇకమీదట రిజిస్ట్రీ యను మాటనే పిల్లల యెదుట ఎత్తరాదని మఱియొకరు సెలవిచ్చిరి. యంత్రములు కష్టార్జితపు సొమ్ముతోను, దాతల కానుకలతోను వచ్చినవి. కావున వారి భయము న్యాయమైనదే. ఐనను నా యభిప్రాయము వేఱు. తాళము యంత్రమునకు వేయవలెను గాని తెలివికి వేయరాదు. ఆ బాలునియందు కొఱతపడినది సద్బుద్ధి కాదు, ఒక నకలు. నకలు తీసికొనుట అతనికి నేర్పనివారము మనము. ఈ మాటను నిరూపించుటకై రిజిస్ట్రీ యననేమో, అందలి యపాయమెక్కడనున్నదో ముందుగా విన్నవించెదను.

ఇంచుమించు ముప్పదియైదు సంవత్సరముల క్రిందట, విండోస్ యంత్రములలోని ప్రోగ్రాములు తమ తమ యేర్పాటులను చిన్న చిన్న ఫైళ్లలో వ్రాసికొనుచుండెను. వానిని ఐఎన్ఐ ఫైళ్లనిరి. అవి మామూలు అక్షరములతో వ్రాయబడినవి గనుక ఎవరైనను చదువవచ్చును. సెమికోలన్ గుఱుతు పెట్టి ప్రక్కన తమ వ్యాఖ్య వ్రాసికొనవచ్చును. కాని ప్రోగ్రాములు పెరిగినకొలది ఆ ఫైళ్లు దేశమంతట చెల్లాచెదరైన కాగితములవలె పెరిగినవి. 1992లో వచ్చిన విండోస్ 3.1 నందు మొదటిసారిగా రిజిస్ట్రీ యను నొక చిన్న పుస్తకము ఏర్పడినది. ఏ జాతి ఫైలును ఏ ప్రోగ్రాము తెఱవవలెనన్న సంగతియే ముఖ్యముగా నందుండెను. 1993లో విండోస్ ఎన్‌టీయు, 1995లో విండోస్ 95ను వచ్చిన పిమ్మట యంత్రముయొక్క యేర్పాటులును, మనుష్యుల యేర్పాటులును అందులోనికే చేరినవి. పల్లెటూరి పెద్దలకు దీనిని తెలుపుట సులభము. 1984లో మన రాష్ట్రమున కరణముల యుద్యోగములు రద్దగువఱకు, ఊరిలోని ప్రతి పొలముయొక్క హద్దును, పన్నును, హక్కును కరణముగారి దస్తరములో నుండెడిది గదా. విండోసునకు రిజిస్ట్రీ యట్టి దస్తరము.

ఈ దస్తరము అరలు అరలుగా నుండును. ఇంగ్లీషువారు అరను కీ అందురు; అరలో మఱల చిన్న అరలుండును. అరలో వ్రాయబడిన పద్దును వాల్యూ అందురు. ప్రతి పద్దునకును మూడంగములు కలవు: పేరు, జాతి, విలువ. కొన్ని పద్దులలో అక్షరములుండును, కొన్నిటిలో సంఖ్యలుండును. అన్నిటికిని పైన ఐదు మూల అరలు కనబడును. వానిలో నిజమైనవి రెండే: యంత్రమంతటికిని చెందిన హెచ్‌కీ లోకల్ మెషీన్ ఒకటి, ఆయా మనుష్యులకు చెందిన హెచ్‌కీ యూజర్స్ రెండవది. తక్కిన మూడును ఈ రెండింటిలోనికి చూచు కిటికీలు మాత్రమే. ఇప్పుడు యంత్రముముందు కూర్చున్న మనుష్యుని యేర్పాటులను చూపునది హెచ్‌కీ కరెంట్ యూజర్. ఏ ఫైలును ఏ ప్రోగ్రాము తెఱచునో చూపునది హెచ్‌కీ క్లాసెస్ రూట్. యంత్రపు పరికరముల ప్రస్తుతపు అమరికను చూపునది హెచ్‌కీ కరెంట్ కాన్ఫిగ్. ఈ భేదమును విద్యార్థులు బాగుగా జ్ఞాపకముంచుకొనవలెను. తన యరలో తప్పు చేసినవాడు తనకే నష్టము తెచ్చుకొనును. యంత్రపు అరలో తప్పు చేసినవాడు ఆ యంత్రమును వాడు వారందఱికిని నష్టము తెచ్చును.

ఇక అపాయమెక్కడనున్నది? ఈ దస్తరమును తెఱచు పనిముట్టు పేరు రెజెడిట్. మనము వ్యాసము వ్రాయునప్పుడు తప్పుపోయినచో వెనుకకు మరలింపుమని యంత్రమునకు చెప్పవచ్చును. భద్రపఱుపకయే మూసివేసినచో పాత వ్యాసము చెడక నిలుచును. రెజెడిట్‌నందు ఈ రెండును లేవు. వెనుకకు మరలించుట లేదు. భద్రపఱుపుమను ఆజ్ఞయు లేదు. మార్చిన క్షణముననే మార్పు పుస్తకములోనికి ఎక్కును. వ్రాసిన విలువ తగినదా కాదా యని అది పరీక్షింపదు. పెద్ద యరను తీసివేయబోవునప్పుడు నిశ్చయమేనా యని యొకమారు అడుగును. ఔనన్నచో లోని చిన్న యరలన్నిటితోకూడ పోవును. అంతకంటె మోసకరమైన దొకటి కలదు. చాల ప్రోగ్రాములు తమ పద్దులను తాము మొదలైనప్పుడే చదువుకొనును. కావున తప్పు చేసిన దినమున ఏమియు కనబడక, యంత్రమును మఱల లేపినప్పుడు కనబడును. మన బాలుని విషయమున జరిగినదదియే. ఫలము వెంటనే కనబడని తప్పు చేసినవాడు తాను తప్పు చేయలేదనియే తలంచును.

ఈ మాటలు నేను పుస్తకములు చదివి మాత్రమే వ్రాయుటలేదు. 2007లో, నేను ఉపాధ్యాయ వృత్తిలోనికి వచ్చిన క్రొత్తలో, మఱియొక ఊరి పాఠశాలయందు పని చేయుచుంటిని. అచ్చటి యొక్క కంప్యూటరునకు పెన్ డ్రైవుద్వారా వైరసు పట్టినది. దానిని వదలించు విధమని యెవరో ఇచ్చిన కాగితమును ముందు పెట్టుకొని నేను రిజిస్ట్రీని తెఱచితిని. హెచ్‌కీ క్లాసెస్ రూట్‌నందు చుక్క ఈఎక్స్ఈ అను నొక యర కనబడినది. వైరసు పేరులోను అవే యక్షరములుండుటచేత, ఇది దాని సొత్తే యనుకొని తీసివేసితిని. విండోసునందు ప్రోగ్రాములలో చాలవాని పేర్లు ఆ యక్షరములతోనే ముగియును. వానిని నడుపుట యెట్లో తెలుపు అర అది. ఆ క్షణమునుండి ఏ ప్రోగ్రామును నొక్కినను, దీనిని దేనితో తెఱవవలెనని యంత్రము నన్నే యడుగజొచ్చెను. మఱునాడు మరమ్మతు చేయువాడు వచ్చి, డిస్కు తుడిచి, విండోసును క్రొత్తగా స్థాపించి పోయెను. అందులో తొమ్మిదవ తరగతి అర్ధసంవత్సర పరీక్షల మార్కులున్నవని నేనతనికి చెప్పలేదు, అతడును అడుగలేదు. తప్పు నాదియే.

పరీక్ష పత్రములను అప్పటికే పిల్లలకు ఇచ్చివేసియుంటిమి. వానిని మఱల తెప్పించి, మూడు రాత్రులు దీపముముందు కూర్చుండి మార్కులను తిరుగ వ్రాసితిని. కొందఱి పత్రములు చినిగినవి. కొన్ని యిండ్లలో పొయ్యిలోనికి పోయినవి. ఒక బాలిక తన లెక్కల పత్రము దొరకలేదని చెప్పి, తనకు వచ్చినవి 38 మార్కులని తానే చెప్పినది. ఇంకను ఎక్కువ చెప్పియున్నను నాకు తెలియకపోవును. ఆ యంకెను వ్రాయుచున్నప్పుడు నాకు కలిగిన సిగ్గు నేటికిని తీఱలేదు. ఆ యర నొక నిమిషములో నకలు తీసియుంచినచో, ఆ నకలుమీద రెండుమారులు నొక్కిన మాత్రమున అంతయు యథాస్థితికి వచ్చియుండెడిది. నన్నెవరును కంప్యూటరు గదినుండి వెలివేయలేదు. అప్పటి ప్రధానోపాధ్యాయులుగారు నన్ను పిలిచి, నకలు తీయుట నేర్చుకొమ్మని మాత్రమే చెప్పిరి. నాకు దొరకిన ఆ దయను పదియవ తరగతి బాలునకు నేనెట్లు నిరాకరింపగలను?

ఇంత యపాయమున్నప్పుడు దీనిని తెఱవకుండుటయే మేలు గదా యని చదువరులు అడుగవచ్చును. అనేక దినములు తెఱవకుండుటయే మేలు. కాని దీనిని చదువనేర్చినవాడు తన యంత్రమును గూర్చి యితరులు చెప్పిన మాటమీద ఆధారపడడు. రెండు ఉదాహరణములు చూపెదను.

మొదటిది మన భాషకు సంబంధించినది. హెచ్‌కీ కరెంట్ యూజర్‌లో కీబోర్డ్ లేఔట్ అను అర, దానిలో ప్రీలోడ్ అను అర యున్నవి. ఇంగ్లీషుతోపాటు తెలుగు టైపు చేయుటకు ఏర్పాటు చేసికొన్న యంత్రములో అచ్చట 1, 2 అను పేర్లతో రెండు పద్దులు కనబడుట కలదు. ఒకదాని విలువ 00000409. అది అమెరికా ఇంగ్లీషునకు గుఱుతు. రెండవదాని విలువ 0000044ఎ. అది తెలుగునకు గుఱుతు. ఈ సంఖ్యలు పదునాఱు మూలముగాగల లెక్కలో వ్రాయబడినవి. ఆ లెక్కలో పదిని ఎ అను నక్షరముతో వ్రాయుదురు. 44ఎ యనగా నాలుగు 256లు, నాలుగు 16లు, ఒక పది, మొత్తము 1098. ఎనిమిదవ తరగతి బాలుడు కాగితముమీద కట్టగల లెక్క ఇది. తెలుగక్షరములు తెఱపై కనబడుట వెనుక ఇట్టి సంఖ్య యొకటి యున్నదని చూపినచో, గణితమును కంప్యూటరును వేఱువేఱు పాఠములని బాలురు తలంపరు.

రెండవది రక్షణకు సంబంధించినది. 2008 సంవత్సరాంతమున కాన్‌ఫికర్ అను చెడు ప్రోగ్రాము లోకమంతట లక్షలకొలది యంత్రములకు వ్యాపించెను. అది వ్యాపించిన త్రోవలలో పెన్ డ్రైవు ఒకటి. పెన్ డ్రైవును తగిలించినప్పుడు అందలి ప్రోగ్రాము దానంతటదే నడచుటకు విండోసులో ఆనాడు వీలుండెను. రిజిస్ట్రీలో నోడ్రైవ్‌టైప్‌ఆటోరన్ అను పద్దునకు 255 అను విలువ నిచ్చినచో, ఆ స్వయంప్రవర్తన అన్ని జాతుల డ్రైవులకును ఆగును. 2009లో వచ్చిన విండోస్ 7 పెన్ డ్రైవుల విషయమున ఆ వీలును తానే తీసివేసెను. 2011లో మైక్రోసాఫ్ట్‌వారు పాత యంత్రములకును అట్టి సవరణను పంపిరి. ఆ నడుమ కాలములో ఈ పద్దు నెఱిగిన ఉపాధ్యాయులు తమ యంత్రములను కొంత కాపాడుకొనగలిగిరి. ఎఱుగనివారు, నావలె, మరమ్మతు చేయువానికొఱకు ఎదురుచూచిరి.

ఇక సురక్షితముగా దిద్దు విధమును చెప్పెదను. ఇది మన అడ్మిషను రిజిష్టరు పద్ధతియే గాని క్రొత్తది కాదు.

మొదటిది, అక్కఱ. ఏ మార్పు, ఎందుకొఱకు చేయదలచితిరో కాగితముమీద ఒక వాక్యములో వ్రాయుడు. వ్రాయలేనిచో మార్చకుడు. అదే మార్పు విండోస్ సెట్టింగులలో దొరకునేమో చూడుడు. తలుపుండగా గోడ దూకనక్కఱలేదు.

రెండవది, సలహాదారు. చెప్పినవారెవరు? వారు చెప్పినది మీ విండోసునకేనా, లేక పాతదానికా? చుక్క ఆర్ఈజీ అని ముగియు ఫైలు నెవరైన ఇచ్చి, దీనిమీద నొక్కుమనినచో తొందరపడకుడు. అది మామూలు అక్షరముల ఫైలే. నోట్‌ప్యాడ్‌తో తెఱచి చదువవచ్చును. అందు చదరపు కుండలీకరణమునకు వెంటనే అర పేరుముందు ఋణచిహ్నము, అనగా తీసివేత గుఱుతు, కనబడినచో, ఆ యర యావత్తును తీసివేయుమని దాని యర్థము. రిజిస్ట్రీని శుభ్రముచేసి వేగము పెంచెదమను ప్రోగ్రాములను నమ్మకుడు. విండోస్ తనకు కావలసిన పద్దును పేరుపెట్టి వెదకి తీసికొనును. పనిలేని పద్దులు కొన్ని మిగిలియున్నంతమాత్రమున దాని వేగము తగ్గదు. అట్టి శుభ్రపఱచు ప్రోగ్రాముల వాడుకను తాము సమర్థింపమని మైక్రోసాఫ్ట్‌వారే ప్రకటించియున్నారు.

మూడవది, నకలు. మార్చదలచిన యరను ఎంచుకొని, ఎక్స్‌పోర్ట్ అను నాజ్ఞతో దానిని ఫైలుగా వ్రాసికొని, ఆ ఫైలును పెన్ డ్రైవులోకూడ నుంచుడు. ఇచ్చట ఒక సూక్ష్మము కలదు. అనుభవజ్ఞులును దీనిని మఱచుచుందురు. ఆ నకలును తిరిగి చేర్చినప్పుడు, తీసివేసిన పద్దులు తిరిగి వచ్చును, మార్చిన పద్దులు పూర్వపు విలువలను పొందును. కాని మీరు క్రొత్తగా చేర్చిన పద్దులు మాత్రము పోవు. వానిని మీరే తీసివేయవలెను. అందుచేత సిస్టమ్ రిస్టోర్ అను నేర్పాటుద్వారా యంత్రమంతటికిని ఒక పునరుద్ధరణ స్థానమును కూడ ముందే నిలుపుకొనుడు. కొన్ని యంత్రములలో ఆ యేర్పాటు ఆపివేయబడియుండును, చూచుకొనుడు. యంత్రమే నకలు తీసికొనునులే యని యుండకుడు. పూర్వము విండోస్ రెగ్‌బ్యాక్ అను సంచిలో రిజిస్ట్రీ నకలును అప్పుడప్పుడు తానే ఉంచుచుండెను. 2018లో వచ్చిన విండోస్ 10 యొక్క 1803 అను కూర్పునుండి, డిస్కులో చోటు మిగుల్చుటకై ఆ యలవాటు మానివేయబడినది. ఇక మన పిల్లల మార్కులు, వ్యాసములు మొదలైనవాని నకళ్లు వేఱుగా నుండవలెను. రిజిస్ట్రీ నకలు వానిని కాపాడదు.

నాలుగవది, ఒక్క గీత. ఒకమారు ఒక్క పద్దునే మార్చుడు. తీసివేయవలెనని తోచిన పద్దును వెంటనే తీసివేయక, దాని పేరుచివర పాత అను మాట చేర్చి పేరు మార్చుడు. యంత్రమునకు ఆ పేరు దొరకదు గనుక తీసివేసినట్లే యగును. మీకు మాత్రము పాతది కనబడుచుండును. అడ్మిషను రిజిష్టరులో మాటపై గీయు ఒక్క గీత ఇదియే. సంఖ్య వ్రాయునప్పుడు ఏ లెక్కలో వ్రాయుచున్నారో చూడుడు. రెజెడిట్ సామాన్యముగా పదునాఱు మూలముగాగల లెక్కనే ముందుంచును. అందు 10 అని వ్రాసినచో యంత్రము దానిని 16 అని తీసికొనును.

ఐదవది, సంతకము. పూర్వపు ఐఎన్ఐ ఫైళ్లలోవలె వ్యాఖ్య వ్రాసికొనుటకు రిజిస్ట్రీలో తావు లేదు. కావున ప్రక్కనొక నోటుపుస్తకముండవలెను. తేది, యంత్రముయొక్క సంఖ్య, అర పేరు, పాత విలువ, క్రొత్త విలువ, మార్చినవాని పేరు అందు వ్రాయవలెను. పిమ్మట యంత్రమును మఱల లేపి, పని జరుగుచున్నదో లేదో పరీక్షించి, ఆ సంగతియు వ్రాయవలెను.

ఇంతకును ఆ కీబోర్డు చెడిన యంత్రమేమాయెనని చదువరులు అడుగుదురు. విండోసును స్థాపించు పెన్ డ్రైవుతో దానిని లేపితిమి. అట్లు లేపినప్పుడు యంత్రము తన చెడిన రిజిస్ట్రీని కాక, ఆ పెన్ డ్రైవులోని వేఱొక రిజిస్ట్రీని వాడుకొనును. కావున కీబోర్డు పనిచేసినది. అచ్చటనుండి సిస్టమ్ రిస్టోర్‌ను నడుపగా, అంతకు రెండుదినముల ముందరి పునరుద్ధరణ స్థానమొకటి కనబడెను. దానితో యంత్రము స్వస్థపడినది. ఆ స్థానమును మేమెవరమును నిలుపలేదు. విండోస్ తన సవరణలను చేర్చుకొనునప్పుడు తానే నిలిపినది. మన జాగ్రత్తచేత గాక అదృష్టముచేత బయటపడితిమి. ఈ మాట నొప్పుకొనుటకు నేను వెనుదీయను.

ఇప్పుడు సభలో వచ్చిన యాక్షేపణలకు ప్రత్యుత్తరము చెప్పెదను. యంత్రములకు కాపుదల వలదని నేననలేదు. మన గదిలో బాలురందఱును ఇన్నాళ్లు అధికారి ఖాతాతోనే, అనగా అడ్మినిస్ట్రేటరు పేరుతోనే, యంత్రములను వాడుచుండిరి. అది బీరువా తాళపుచెవిని గోడకు తగిలించి, పిల్లలను దొంగలనుట వంటిది. సామాన్యపు ఖాతానిచ్చినచో, బాలుడు తన సొంత యరలను చాలవఱకు మార్చుకొనగలడు గాని యంత్రమంతటికిని చెందిన యరలను మార్చలేడు, విండోసే అడ్డుపడును. ఈ యేర్పాటు ముందే యుండినచో కీబోర్డు చెడియుండదు. కాబట్టి నింద పంచుకొనునప్పుడు మొదటి పాలు మా ఉపాధ్యాయులది. రెజెడిట్‌ను బొత్తిగా మూసివేయుమని చెప్పినవారు కలరు. అట్లు మూయు ఏర్పాటును కలదు. ఆ యేర్పాటుయొక్క పద్దు రిజిస్ట్రీలోనే యున్నది! తలుపు వేయుటకైనను ఆ తలుపు సంగతి తెలిసినవా డొకడుండవలెను గదా.

మూడు పనులు చేయుదమని నా మనవి. ఒకటి, గదిలోని యంత్రములన్నిటియందును బాలురకు సామాన్యపు ఖాతాలే యుండవలెను. రెండు, పాతబడిన యంత్రమొకదానిని, ఎవరి మార్కులును ఎవరి వ్యాసములును లేనిదానిని, అభ్యాసమునకై వేఱుగా నుంచవలెను. దానిలో బాలురు నకలు తీసి, దిద్ది, చెడగొట్టి, మఱల బాగుచేయుట నేర్చుకొందురు. సైన్సు ప్రయోగశాలలో పరీక్షనాళికలు పగులునని రసాయనశాస్త్రమును మానుకొంటిమా? మూడు, ప్రతి యంత్రము ప్రక్కను ఒక నోటుపుస్తకముండవలెను. వీనికి వ్యయము అత్యల్పము. కావలసినది వారమునకొక గంట, ఓపికగల యొక ఉపాధ్యాయుడు. ఆ గంటను ఇచ్చుటకు నేను సిద్ధముగా నున్నాను.

తలిదండ్రులకు నొక మాట. మీ యింట కంప్యూటరున్నచో, దానిలో పిల్లలకొక ఖాతా, మీకొక ఖాతా యుండనిండు. బిడ్డ యేదైన చెడగొట్టి, తానే వచ్చి చెప్పినప్పుడు, ముందు ఆ చెప్పినందుకు సంతసింపుడు. పిమ్మట నకలేదని యడుగుడు. చెప్పినవానికి శిక్షయు, దాచినవానికి క్షేమమును కలిగెనేని, దాచుటయే మంచిదని మన మిల్లిల్లు తిరిగి బోధించినట్లగును. యంత్రమును బాగుచేయవచ్చును, ఆ బోధ నంత సులభముగా చెఱపలేము.

ప్రియ విద్యార్థులారా, మీకొక మాట. మీ చేతికి వచ్చిన యంత్రము మీ సొంతము కాదు. మీరు దానికి గృహనిర్వాహకులు మాత్రమే. మీ తరువాత ఆ కుర్చీలో ఆఱవ తరగతి బాలిక యొకతె కూర్చుండును. ఇతరుల యంత్రమును, అది మీ మిత్రునిదే యైనను, వారి సెలవు లేక దిద్దకుడు. తెలియని పేరు పనికిమాలినదని యెంచకుడు. మార్చుటకు ముందు పూర్వస్థితిని భద్రముగా నుంచుకొనుడు. మార్చిన పిమ్మట మీ పేరు వ్రాయుటకు వెనుదీయకుడు. ఆ పదియవ తరగతి బాలుడు ఇప్పుడు అభ్యాసపు యంత్రము వచ్చినచో దాని నోటుపుస్తకమును తానే కాపాడెదనని అడుగుచున్నాడు. ఆ పని అతనికే ఇయ్యవలెనని నేను కార్యనిర్వాహకులకు విన్నవించుకొనుచున్నాను. ఒకమారు నష్టమెట్టిదో చూచి, దాచక చెప్పినవానికంటె ఆ పుస్తకమును జాగ్రత్తగా చూచువాడు మనకు దొరకడు.